లీటరుకు ఎన్ని కిలోమీటర్లు సరే, ఎంత లోడుతో?

కొత్త పికప్ కొనాలనుకునేవాళ్లు విజయవాడలోనైనా గుంటూరులోనైనా మొదట అడిగేది మైలేజీ ఎంతిస్తుందనే. డీజిల్ లీటరు వంద రూపాయలకు దగ్గరపడి, తమిళనాడు వెళ్లే బళ్లు సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుకునే పరిస్థితిలో అలా అడగడం న్యాయమే. కానీ షోరూంలో చెప్పే అంకెలో మన లోడు లెక్క ఉండదు. సరుకు బండికి ఖాళీగా తిరిగిన మైలేజీతో పనేముంది?

చిన్న బండి 700 కిలోలు వేసుకుని లీటరుకు 18 కిలోమీటర్లు వెళ్తుందనుకుందాం. పెద్ద పికప్ టన్నున్నర వేసుకుని 12 ఇస్తుందనుకుందాం. వినడానికి చిన్నదే నయం. లీటరు డీజిల్‌తో టన్ను సరుకు ఎంత దూరం చేరిందో చూస్తే మాత్రం చిన్నదానికి 12.6 కిలోమీటర్లు, పెద్దదానికి 18. అదే పెద్ద బండిలో 700 కిలోలే వేసి తిప్పితే, మైలేజీ 13కి పెరిగినా ఈ లెక్క 9.1కి పడిపోతుంది. అంటే రోజూ దొరికే లోడెంతో తేలకుండా ఏ బండి చవకో చెప్పలేం.

పూర్తి లోడుతో హైవే మీద తిరిగే బండికి నా ఓటు ఇప్పటికీ డీజిల్‌కే. లీటరు పెట్రోలు కంటే లీటరు డీజిల్‌లో శక్తి పది శాతానికి పైగా ఎక్కువ. పైగా డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా కుదించి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేస్తుంది. అంత కంప్రెషన్ వల్లే అదే ఇంధనం నుంచి ఎక్కువ పని రాబడుతుంది. ఇంజన్‌లోకి గాలిని అదనంగా నెట్టే టర్బో తోడైతే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే (తక్కువ ఆర్‌పీఎంలోనే) లాగుడు అందుతుంది. లోడు బండితో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేరు తగ్గించాల్సిన అవసరం రాదు.

గుంటూరు మిర్చి యార్డు నుంచి బయల్దేరే బండినే చూడండి. టిక్కీ అంటే మిర్చి బస్తా, ఒక్కోటి 40 నుంచి 45 కిలోలు. ముప్పై టిక్కీలు వేస్తే టన్నుంపావుకు అటూఇటూగా అవుతుంది. మిర్చి బరువు తక్కువ, చోటు ఎక్కువ కాబట్టి పేర్పు క్యాబిన్‌ను మించి లేస్తుంది. తాడు బిగించి పట్టా కప్పినా, కాజ టోల్‌గేట్ దాటాక స్పీడు పెంచితే గాలి మొత్తం ఆ గోడకే కొడుతుంది. గంటకు 60 నుంచి 80కి వెళ్తే గాలి ఆపే బలం దాదాపు 1.8 రెట్లవుతుంది. ఏ ఇంజనైనా డీజిల్ తాగేది అక్కడే. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిగ్గా ఉంటే వచ్చే ఆదా, బండి మార్చినా రాదు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఆగి ఆగి తిరిగే బండి సంగతి పూర్తిగా వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి బళ్ల పొగకు బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం వచ్చింది. చాలా డీజిల్ బళ్ల సైలెన్సర్ వరుసలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు చేరింది. మన పిల్లల ఊపిరితిత్తుల కోసం అది ఉండాల్సిందే. అయితే పట్టిన మసి కాలాలంటే పొగ బాగా వేడెక్కాలి. హైవే మీద బండి కాసేపు నిలకడగా సాగితే ఆ పని చాలావరకు దానంతటదే జరుగుతుంది. గోడౌన్ నుంచి కొట్టుకు రెండు కిలోమీటర్లు, అక్కడ అరగంట ఆగడం, మళ్లీ కిలోమీటరు... ఇలా తిరిగే బండిలో అంత వేడి పుట్టదు. ఫిల్టరును శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముకుంటుంది, మైలేజీ తగ్గుతుంది. మధ్యలో డ్రైవర్ బండి ఆపేస్తే మిగిలిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. చివరికి మీటరులో లైటు వెలుగుతుంది, బండి లాగడం మానేస్తుంది. రోజు కూలి పోయి, ఈఎంఐ టెన్షన్ పట్టుకున్న మనిషికి ఫిల్టరు పీకేద్దామని ఎవరో సలహా ఇస్తారు. అది చట్టవిరుద్ధం, ఊరికి విషం.

డీజిల్ అంటే చవక అనే నమ్మకం పాత ధరల నాటిది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశారు, పెట్రోలుతో ఉన్న తేడా తగ్గిపోయింది. అయినా ఊళ్లోనే తిరిగే చిన్న బండికి కూడా అలవాటుగా డీజిలే రాయించుకుంటున్నారు. అలాంటి తిరుగుడుకు సీఎన్‌జీ మేలు. కాకపోతే దాన్ని కిలోల్లో అమ్ముతారు కాబట్టి కిలోకు వచ్చే మైలేజీని లీటరు మైలేజీతో నేరుగా పోల్చకూడదు, రూపాయికి ఎంత దూరమో చూడాలి. సిలిండర్ల బరువు, బంకు దగ్గర క్యూ కూడా లెక్కలోకి రావాలి. రాత్రి ఒకేచోట నిలిపే బండికైతే ఎలక్ట్రిక్ కూడా ఆలోచించదగ్గదే.

కంపెనీలు పూర్తి లోడు మైలేజీని బ్రోచర్‌లోనే అచ్చు వేయాలి. అప్పటిదాకా కొనేవాళ్లు ఊరుకోకూడదు. ఫుల్ లోడుతో ఎంతిస్తుంది, సిటీలోనే తిప్పితే డీపీఎఫ్‌కు ఏం చేయాలి, అది చెడితే వారంటీ ఎవరిది? ఈ మూడూ కొటేషన్ కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.