వాగ్దానపు కార్డు చుట్టూ ఉన్న అధ్యాయం

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసిన వాగ్దానపు కార్డులు పంచే ఆనవాయితీ ఉంది. కొన్నిచోట్ల కుటుంబానికొకటి, కొన్నిచోట్ల మనిషికొకటి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే వచనం యిర్మీయా 29:11. దేవుడు మన విషయమై తలచినవి ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అని చెప్పే మాట. దాన్ని బైబిల్లో దాచుకుంటారు, బీరువా తలుపుకు అంటిస్తారు, వాట్సాప్ స్టేటస్ పెడతారు. ఆ ఒక్క మాట పట్టుకుని కష్టకాలం దాటినవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్ల నమ్మకం నాకు గౌరవనీయం.

అయితే పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది. బబులోనులో 70 ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని దేవుడు అందులో చెబుతాడు. ఈ మాట యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరలోకి తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని ఆ ఉత్తరం చెబుతుంది. చదివినవాళ్లలో పెద్దలు చాలామంది మళ్లీ యెరూషలేము చూడకుండానే పోతారన్నమాట. ఆ వాగ్దానం నిజమైనదే, కానీ వచ్చే జనవరికో, వచ్చే ఉద్యోగ నోటిఫికేషన్‌కో ఇచ్చింది కాదు. మనవల కాలం దాకా ఓపిక పట్టగల జనానికి ఇచ్చింది.

దాని ముందరి అధ్యాయం, 28వది, నేటి సంఘాల్లో ఇంకా ఎక్కువ చదవాల్సింది. యూదా రాజు సిద్కియా ఏలుబడి నాలుగో ఏట, క్రీ.పూ. 594 ప్రాంతంలో, హనన్యా అనే ప్రవక్త మందిరంలో యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందని ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న కొయ్యకాడిని తీసి అందరూ చూస్తుండగా విరిచేశాడు కూడా. యిర్మీయా 70 ఏళ్లంటాడు, హనన్యా రెండేళ్లంటాడు. ఇద్దరూ యెహోవా పేరు మీదే మాట్లాడారు, ఇద్దరిదీ ఒకే ధాటి. ఆ రోజు ఆ గుంపులో ఉన్న మామూలు మనిషి ఎవరిని నమ్మాలి?

యిర్మీయా ఇచ్చిన జవాబు ఈ వ్యాసానికి మూలం. అలా జరిగితే బాగుండునని అతను ముందు మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నాడు. ఆ తర్వాత, మనకంటే ముందున్న ప్రవక్తలు ఏం చెప్పారో గుర్తు చేసుకోండి అన్నాడు. నీ గుండెకు ఏది హాయిగా తగిలిందో చూసుకోమనలేదు, ఎవరి మాటకు ఒళ్లు జలదరించిందో చూసుకోమనలేదు. ముందు చెప్పబడినదాని పక్కన ఇప్పుడు చెప్పబడేదాన్ని పెట్టి చూడమన్నాడు. ముందు ఏం చెప్పబడిందో తెలియని మనిషి ఆ పని ఎలా చేస్తాడు? హనన్యా అదే సంవత్సరం ఏడో నెలలో చనిపోయాడు. అది తర్వాతి సంగతి. ఆ రోజు మందిరంలో ఉన్నవాళ్ల చేతిలో ఉన్నది మాత్రం అంతవరకు వాళ్లు విన్న, నేర్చుకున్న దేవుని మాటే.

వివేచన, అంటే ఏది దేవుని మాటో ఏది కాదో గుర్తుపట్టడం, ఇదేనని నా అభిప్రాయం. చేతులుంచి ప్రార్థిస్తే ఒక్క రాత్రిలో దిగివచ్చేదిగా దాన్ని మన కూడికల్లో తరచూ చెబుతున్నారు. ఆత్మల వివేచన వరమని 1 కొరింథీ 12 చెబుతుంది, నిజమే. కానీ సాధారణ విశ్వాసి సంగతి చెప్పేటప్పుడు హెబ్రీ 5:14 ‘అభ్యాసముచేత’ అన్న మాట వాడింది. మేలు కీడులను గుర్తుపట్టే తెలివి రోజూ వాడితే పదునెక్కేదని దాని భావం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాడు బస్తా పైన పేర్చిన కాయ చూసి ధర చెప్పడు, లోపలికి చేయి పెట్టి అడుగు కాయ బయటికి తీస్తాడు. ఆ చేతికి ఆ తెలివి ఎన్నో సీజన్ల మీద వచ్చింది. వచనం విషయంలో మాత్రం మనం పై కాయతోనే బేరం తెంపేస్తున్నాం.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ప్రశ్న అడిగిన విశ్వాసి నోరు మూయించడానికి మన దగ్గర ఎక్కువగా వాడే వచనం కీర్తన 105:15. ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అనేది. కానుకల లెక్క అడిగినా, చెప్పిన ప్రవచనం జరగలేదేమని అడిగినా ఈ వచనమే ఎదురొస్తుంది. ఆ కీర్తనను పై నుంచి చదివితే అక్కడ అభిషిక్తులన్నది సొంత భూమి లేక దేశదేశాలు తిరిగిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి అని తెలుస్తుంది. పరదేశులుగా ఉన్న ఆ బలహీనులకు హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించాడు. అంటే ఆ మాట అధికారం ఉన్నవాడి నుంచి లేనివాడిని కాపాడింది. ఆదికాండం 20 తెరిస్తే ఇంకో సంగతి కూడా ఉంది. శారాను చెల్లెలని చెప్పిన అబ్రాహామును, నువ్వు మాకు చేసిన పనేమిటని అబీమెలెకు రాజు నిలదీశాడు. అబ్రాహాము జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ అభిషిక్తుని పేరు చెప్పి ఇవాళ ప్రశ్నను ఆపుతున్నారో ఆ అభిషిక్తుడే ప్రశ్నకు జవాబిచ్చాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే అపొస్తలుడైన పౌలు ముఖాముఖిగా ఎదిరించాడని గలతీ 2:11లో ఉంది. సంఘంలో ప్రశ్న ద్రోహమైతే ఆ వచనం బైబిల్లో ఉండేది కాదు.

కానుకల విషయంలో 2 కొరింథీ 9:6 సంగతీ అంతే. కొంచెంగా విత్తితే కొంచెమే కోస్తావు, కాబట్టి ఎక్కువ విత్తమని వేదిక మీద నుంచి అడుగుతారు. అప్పు తెచ్చి మరీ ‘విత్తిన’ పేద కుటుంబాలు ఉండటం నన్ను బాధపెడుతుంది. పౌలు ఆ రెండు అధ్యాయాలు, ఎనిమిది, తొమ్మిది, రాసింది యెరూషలేములోని పేద విశ్వాసుల సాయం కోసం. తన కోసం కాదు. ఇతరులకు తేలిక కావాలని మీకు భారం పెట్టడం లేదని ఎనిమిదో అధ్యాయంలోనే స్పష్టంగా చెప్పాడు. ఆ డబ్బు తానొక్కడే మోసుకుపోతే నింద వస్తుందని సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. తొమ్మిదిలోని తర్వాతి వచనమే, సణుగుతూ గాని బలవంతంగా గాని ఇవ్వవద్దంటుంది. విత్తడం గురించి చెప్పేవారు లెక్క చూపడం గురించి కూడా చెప్పాలి, రెండూ ఒకే ఉత్తరంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఇంకా భయపెట్టేది మందుల సంగతి. టీబీ మందులు నెలల తరబడి, సాధారణంగా ఆర్నెల్లు, ఆపకుండా వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. విశ్వాసముంటే మాత్రలెందుకని ఎవరైనా అంటే, యెషయా 38 చదివినవాడు వెంటనే ఆగి ఆలోచిస్తాడు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే చెప్పిన అధ్యాయంలో అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్న మాట కూడా ఉంది. పౌలు తన తోటివాడైన ట్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. మన నేల మీద కూడా ఇది కొత్త సంగతి కాదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ మిషనరీయే. ప్రార్థనకూ మందుకూ మధ్య ఆమెకు గొడవ కనిపించలేదు.

చదువు లేనివాళ్లు ఇదంతా ఎలా చేస్తారన్నది న్యాయమైన అభ్యంతరం. దీనికి జవాబు కాజీపేట నుంచి విజయవాడ వైపు వెళ్లే రైలు దారిలోనే, డోర్నకల్‌లో ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న వి.ఎస్. అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన కూలీలు, అక్షరం రానివాళ్లే ఎక్కువ. వాళ్లకు కథగా, పాటగా, కంఠస్థంగా వాక్యం నేర్పారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ తల మీద చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికేలా చేశారు. అది 1 కొరింథీ 9:16లోని పౌలు మాట. అక్షరం రానివాళ్లను ఆయన వినేవాళ్లుగా మిగల్చలేదు, చెప్పేవాళ్లుగా లెక్కపెట్టారు. కథను వరుసగా విన్నవాడికి ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో తెలుసు. ముక్కలుగా చదివే పట్టభద్రుడి కంటే అతనే నయం. ఇప్పుడు ఫోన్లో ఆడియో బైబిల్ ఉంది. పత్తి చేనులో పని చేస్తూనే మార్కు సువార్త 16 అధ్యాయాలూ ఒకటి రెండు రోజుల్లో వినేయవచ్చు.

చదవగలిగినవాళ్ల ఇబ్బంది వేరు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు బైబిల్ గ్రాంథికం మింగుడుపడదు, నాయనమ్మకు ఇంగ్లిష్ రాదు. కుటుంబ ప్రార్థనలో ఒకే అధ్యాయాన్ని ఇద్దరూ రెండు పుస్తకాల్లో చదివి, ఒకరికొకరు చెప్పుకుంటే ఇద్దరికీ లాభమే. రోజుకొక వచనం పంపే గ్రూపుల స్థానంలో నెలకొక పుస్తకం పెట్టుకోవాలి. మొదలుపెట్టిన పుస్తకం పూర్తయ్యేదాకా ఇంకోదానికి పోకూడదు. ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఎందుకన్నారు, ముందేముంది అని ప్రతి అధ్యాయం దగ్గరా అడగాలి. అర్థం కానిచోట అర్థం కాలేదని రాసి పెట్టుకోవాలి. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా చదువుతూ, ఎవరైనా దారి చూపకపోతే ఎలా గ్రహించగలనని ఫిలిప్పును అడిగాడు. తోడు కావాలనడం సిగ్గుపడే సంగతేమీ కాదు.

ఒంటరిగా చదివి అందరి తప్పులూ ఎత్తిచూపే స్వభావం తెచ్చుకునే ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టను. నాలుగు వ్యాఖ్యానాలు చదివి కాపరిని బజారుకీడ్చే యువకులూ మనకున్నారు. ఫిలిప్పీ 1:9లో పౌలు కోరుకున్నది తెలివితో, అనుభవజ్ఞానంతో పెరిగే ప్రేమ. అందుకే ఈ చదువు సంఘం మధ్యలో, నలుగురి ముందు జరగాలి.

ఇక్కడ పెద్ద బాధ్యత కాపరులదే. మన పల్లె సంఘాల్లో వారమంతా వేరే పని చేసుకుంటూ, వేదాంత కళాశాల ముఖం చూడకుండానే నమ్మకంగా సేవ చేస్తున్న అయ్యగార్లు ఉన్నారు. వాళ్లకు పరీక్ష పెట్టాలని కాదు, తోడు దొరకాలని ఈ మాట. లేఖనాల పరిశోధన వాళ్లకు వ్యతిరేకం కాదని బెరయ పట్టణం సంగతే చెబుతుంది. పౌలు చెప్పినవి అలాగే ఉన్నాయా లేదా అని బెరయవాళ్లు ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుడినే పరీక్షించినవాళ్లను, అపొస్తలుల కార్యములు రాసిన లూకా ఘనులన్నాడు. తర్వాతి వచనంలో ‘అందుచేత’ వాళ్లలో అనేకులు విశ్వసించారని రాశాడు. ప్రసంగానికి ముందు అధ్యాయం మొత్తం చదివించడం, పేజీలు తిప్పేదాకా ఆగడం, శుక్రవారం ఉపవాస కూడికలో ఆదివారపు ప్రసంగం మీద ప్రశ్నలకు కొంత సమయం ఇవ్వడం ఏ కాపరికైనా ఈ వారమే సాధ్యం. స్త్రీల కూడికలో ముందు మొదలుపెడితే ఇంకా మంచిది, ఇంట్లో మందు ఆపాలా, కానుకకు అప్పు తేవాలా అన్న నిర్ణయాల బరువు ఎక్కువగా మోసేది వాళ్లే.