కొయినే గ్రీకు భాషకు ఒక ఫిర్యాదు లేఖ

గౌరవనీయులైన కొయినే గ్రీకు భాష గారికి,

అలెగ్జాండర్ సైన్యాల వెంట నడిచి వెళ్లి, ఈజిప్టు నుంచి సిరియా దాకా ప్రతి రేవులోనూ ప్రతి సంతలోనూ తిష్ఠ వేసిన మీకు ‘ఉమ్మడి భాష’ అన్న పేరు దక్కిందే గాని, మర్యాద దక్కలేదు. మీరు ఏథెన్సు పెద్దల నుడికారాన్ని గంగలో కలిపారని మండిపడిన 2వ శతాబ్దపు పండితుడు ఫ్రినికస్, నోట రాకూడని మాటలకు ఏకంగా ఒక జాబితానే తయారుచేశాడు. ఆయన పక్షాన నేనూ మీపై ఫిర్యాదు దాఖలు చేస్తున్నాను.

గుమ్మం దగ్గర ఎవరినీ ఆపకపోవడం మీ మొదటి నేరం. యేసు బోధించిన భాష అరామిక్ కాగా, సువార్తల్లో ‘తలితాకుమీ’, ‘ఎఫ్ఫతా’ వంటి పిడికెడు మాటలు తప్ప తక్కినదంతా మీ నోటి గుండానే లోకానికి చేరింది. రోమా నగరంలోని విశ్వాసులకు సైతం క్రైస్తవ బోధకుడు పౌలు, అక్కడి లాటిన్‌ను కాదని, మీతోనే ఉత్తరం రాయించాడు. అంతకు చాలా ముందే, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి, యూదుల లేఖనాలు అలెగ్జాండ్రియాలో గ్రీకులోకి మారుతూ వచ్చాయి. అందువల్ల పౌలు పరాయి ఊళ్ల యూదుల సమాజమందిరాల్లో ప్రసంగించడానికి లేచేసరికి, అక్కడివారు మోషేనూ యెషయానూ మీ మాటల్లోనే విని ఉన్నారు. దారి మీరు వేస్తే పేరు బోధకులకు వచ్చింది.

అయితే మీ పలుకుబడి ఎంతవరకో, పౌలు తన తోటి బోధకుడు బర్నబాతో కలిసి వెళ్లిన లుస్త్ర అనే ఊళ్లో తేలిపోయింది. పౌలు మాటతో కుంటివాడు లేచి నడవడం చూసిన జనం తమ సొంత లుకయోనియ భాషలో కేకలు వేసి, బర్నబాను జ్యూస్‌గానూ (తెలుగు బైబిలు ఈ దేవుణ్ణి ‘ద్యుపతి’ని చేసింది, చక్కని పేరు), ముఖ్య ప్రసంగి కనుక పౌలును హెర్మేగానూ నిర్ణయించుకుని, బలి ఇవ్వడానికి ఎడ్లనూ పూలదండలనూ సిద్ధం చేశారు. బోధ విన్నది మీ భాషలోనే కావచ్చు, పూనకం వచ్చింది మాత్రం అమ్మ నేర్పిన భాషలో. మీతో పని జరగని ఆర్మేనియన్ల కోసమైతే 5వ శతాబ్దపు తొలినాళ్లలో మెస్రోప్ మష్తోత్స్ ఏకంగా లిపినే సృష్టించవలసి వచ్చింది.

ఇక అసలు నేరం మంచానికి సంబంధించినది. యేసు ఒక రోగితో ‘నీ పరుపెత్తికొని నడువు’ అన్న వాక్యంలో మార్కు సువార్త ‘క్రబ్బతోస్’ అనే నాటు మాట వాడింది. అలా అనకూడదు, ‘స్కింపూస్’ అనాలి అని తర్వాత ఫ్రినికస్ శాసించాడు; మనకైతే కుక్కిమంచాన్ని శయ్య అనమన్నట్టు. 4వ శతాబ్దంలో సైప్రస్ బిషపులు కూడిన ఒక సభలో, న్యాయశాస్త్రం చదువుకున్న ట్రిఫిల్లియస్ ప్రసంగిస్తూ, ఆ మోటు మాట పలకడానికి నోరు రాక ‘స్కింపూస్’ అన్నాడని చరిత్రకారుడు సోజోమెన్ రాశాడు. బిషపు అయ్యాక కూడా గొర్రెలు కాయడం మానని స్పిరిడోన్ అందుకు మండిపడి, ‘క్రబ్బతోస్’ అన్నవాడికంటే నువ్వు గొప్పవాడివా, ఆయన మాటలు వాడటానికి సిగ్గుపడుతున్నావా అని నిలదీసి, జనమంతా చూస్తుండగా పీఠం మీది నుంచి దిగ్గున లేచాడట. నా సానుభూతి ట్రిఫిల్లియస్‌కే. అంత చదువూ చదివి, రోగి పడుకున్న మంచానికి ఒక మంచి పేరైనా పెట్టనివ్వకపోతే ఎలా?

ఉన్ని పనివారు, చెప్పులు కుట్టేవారు, బట్టలుతికేవారు ఇళ్లలో చేరి పిల్లలకూ స్త్రీలకూ బోధలు చేస్తున్నారని క్రైస్తవుల విమర్శకుడు సెల్సస్ వెక్కిరించిందీ మీ చలవ వల్లనే. ఒకే ఆహారాన్ని కొందరు ధనికుల నాలుకకు నచ్చేలా వండవచ్చు, లేదా ఎక్కువమందికి అందేలా వండవచ్చు అని క్రైస్తవ పండితుడు ఒరిగెన్ తర్వాత బదులిచ్చాడు. వంటవాడి సమాధానమే గాని, పండితుడి సమాధానం కాదు.

చివరకు మీ ఇంట్లోనూ ‘బంగారు నోరు’ పుట్టింది. ఆ అర్థమిచ్చే బిరుదు పొందిన బిషపు క్రిసోస్తమ్ ప్రసంగాలకు జనం చప్పట్లు కొట్టేవారు. ఇకపై ఎవరూ చప్పట్లు కొట్టకూడదని ఒకసారి ఆయన నియమం పెట్టబోతే, ఆ మాటలకూ చప్పట్లు మోగాయి.

ఇట్లు,
‘శయ్య’ అని రాయబోయి ‘మంచం’ అని రాసేసిన
మీ ఫిర్యాదీ