పాత్రల మ్యూజియం పెడితే లోపలి వైపు కూడా చూపించాల

అహ్మదాబాద్‌లో విశాలా అనే హోటల్లో 'వేచార్' అని పాత్రల మ్యూజియం 1981 నుంచీ ఉంది. సురేంద్ర పటేల్ వేల పాత్రలు సేకరించి పెట్టినారు. అట్లాంటిది మన తిరుపతిలోనూ ఉండాలని అడిగేవాళ్ళు ఉన్నారు. ఉండాల్సిందే. కొండమీద స్వామికి రోజూ కొత్త మట్టి ఓడులో పెరుగన్నం నివేదిస్తారు, ఇక్కడ కాక ఇంకెక్కడ పెడతారు? కానీ గంగాళాలను చింతపండుతో తళతళా తోమి, అద్దాల బీరువాలో బోర్లించి, 'పురాతన ఇత్తడి పాత్ర' అని చీటీ అంటించేదానికైతే వద్దు సామీ. ఆ ముచ్చట హోటళ్ళ వాకిళ్ళలో పూలు తేలేసిన గంగాళాలే తీరుస్తున్నాయి.

బోర్లించిన పాత్రలో కనపడనిది కళాయి, అంటే లోపలి వైపు వేసే తగరం పూత. అసలు సంగతంతా అక్కడే ఉంది. మెరుపు చూసి మురిసిపోయినవాళ్ళు బజారుకు పోయి ఇత్తడి గిన్నె కొంటారు, లోపల కళాయి ఉందో లేదో చూడకుండానే పులుసు పెడతారు. చింతపండు పులుపుకు ఇత్తడిలోని రాగి కరుగుతుంది. కూర చేదెక్కుతుంది, తిన్నవాళ్ళకు కడుపులో తిప్పి వాంతులవుతాయి. తప్పు ఇత్తడిది కాదు, సగమే చూపించిన చీటీది.

కళాయి ఎట్లా వేస్తారో చూపించండి, జనం నిలబడి చూస్తారు. ముందు జిడ్డూ చిలుమూ పోయేదాకా తోమి ఆరబెట్టాల. బొగ్గుల కొలిమి మీద తిత్తి ఊదుతూ పాత్రను కాచాల. తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, పాత్ర ఎర్రగా కాలాల్సిన పనిలేదు. నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లితే గుప్పున తెల్లపొగ లేస్తుంది. లోహం మీది మసక పొరను తీసేసేది ఆ నవాసారమే. ఆ వేడిమీదే తగరం కడ్డీ తాకించి, కరిగినదాన్ని దూదితో గిర్రున తిప్పుతూ అంచుదాకా పూసి, నీళ్ళలో ముంచుతారు. వేలిముద్రంత జిడ్డు మిగిలినా అక్కడ తగరం పట్టదు, మచ్చ తేలుతుంది. వేడి చాలకపోతే గడ్డలు కడుతుంది, మించితే పూత రంగు మారి అడుక్కి జారుతుంది. తగరం ఖరీదెక్కువ, సీసం చౌక. రెండూ కలిపేసే మహానుభావులూ ఉంటారు. సీసం విషం కాబట్టి కడ్డీ మనమే నమ్మకమైన చోట కొనిచ్చి, కళ్ళెదుట వేయించుకోవడం మేలు.

ఇంకో తిక్క ఏందంటే, ఇనుమంతా ఒక గదిలో, ఇత్తడంతా ఇంకో గదిలో సర్దడం. వంటింట్లో అట్లా ఎవరైనా సర్దుతారా? కళాయి గిన్నెలో నేరుగా నూనె కాచి పోపు పెడితే, కాస్త ఏమరితే చాలు, పూత కరిగిపోతుంది. అందుకే పోపు ఇనప గరిటెలో విడిగా వేసి పులుసులో గుమ్మరిస్తారు. ఆ గరిటె ఆ గిన్నె పక్కన లేకపోతే రెండూ అర్థం కావు. చారు కాచే తగరం చెంబు సంగతీ ఇంతే. ముందు చారు పోసి, తర్వాత సన్న సెగ. ఖాళీ చెంబు పొయ్యిమీద పెడితే అడుగు ముద్దయి కారుతుంది. 'వట్టిది పొయ్యెక్కించకూడదు' అని ఒక్క ముక్క రాస్తే సొమ్మేం పోతుంది?

రాతిచట్టి మన చిత్తూరు వైపు తమిళ ఇళ్ళలోనూ తెలుగు ఇళ్ళలోనూ ఉంటుంది. కొత్తదాన్ని కొన్నాళ్ళు గంజి పోసి నానబెట్టి, ఆముదం పసుపు పట్టించి, సన్న సెగమీద మెల్లగా వేడికి అలవాటు చేయాల. వేడి చట్టిలో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. పులుసు కాస్త ముందే దించాల, దించినాక కూడా ఉడుకుతానే ఉంటుంది.

విసుర్రాయిని పైరాయి ఎత్తకుండా చూపిస్తే ఏం లాభం? పని చేసేది లోపలి గంట్లే. అవి అరిగితే రాగులు నలగవు, రాయి జారుతుంది. గంట్లు కొట్టించినాక ముందు తవుడో నూకలో విసిరి పారేయాల, లేకపోతే సంగటిలో రాతిపొడి పంటికి తగులుతుంది. అరిగిన రాయొకటి, గంట్లు కొట్టిందొకటి పక్కపక్కన పెట్టి, చూసేవాళ్ళను చేత్తో తడిమి చూడనివ్వండి. అద్దం అవసరం లేదు, దాన్నెవరూ సంకలో పెట్టుకుని పోలేరు.