తినకపోతే జవానుకు పట్టిస్తా

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర పిల్లలు గుక్కపట్టి ఎందుకు ఏడుస్తారన్నది పెద్దలకు అంతుచిక్కని సమస్య. అనంతపురంలో మా వీధి వరకు నేను విచారణ జరిపాను. ప్రతి ముద్దకూ "తింటావా, పోలీసును పిలవాలా?" అని పెంచిన బిడ్డను, ఐదో ఏట టికెట్ కొని మరీ తీసుకెళ్లి ఆ పోలీసు ముందు నిలబెడతాం. టోపీ, బూట్లు, తుపాకి అన్నీ మనం చెప్పినట్టే ఉంటాయి. పైగా ఆయన చెయ్యి చాపి రమ్మంటాడు. ఇన్నేళ్ల ముద్దల లెక్క ఈరోజు తేలుస్తారని వాడు అనుకుంటే తప్పేముంది?

కాందహార్ విమాన హైజాక్ తర్వాత, 2000 నుంచి విమానాశ్రయాల కాపలా కేంద్ర భద్రతా దళమైన సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. పెరుగన్నం ఎగ్గొట్టిన ముద్దాయిలను వాళ్లకు సరఫరా చేసే బాధ్యత మనం తీసుకున్నాం.

మన ఊళ్లో విమానాలు దిగకపోవడం ఇందుకు బాగా కలిసొచ్చింది. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి కారులో మూడు గంటలు. పెనుకొండ దాటకముందే "అక్కడ అల్లరి చేస్తే లోపలేస్తారు" అని మొదలుపెడితే, బాగేపల్లికల్లా బిడ్డ పూర్తిగా తయారవుతాడు.

ముందుగా ఇంట్లో ఆటలా సాధన చేయిస్తే భయం పోతుందంటారు. మా మేనల్లుడికి అదీ చేయించాం. వంటింటి గడప డిటెక్టరు, అవ్వ చేతిలో అప్పడాల కర్ర. అవ్వ పాత్రలో లీనమైపోయి, "పాలు తాగినావా?" అని నిలదీసింది. సాధన అక్కడితో ఆగిపోయింది.

అసలు రోజున వాడి ఎలుగుబంటి బొమ్మను ట్రేలో పెట్టమన్నారు. ఎక్స్‌రే అంటే వాడికి తెలిసింది పోయినేడు మెట్ల మీద పడి చెయ్యి విరిగిన సంగతి ఒక్కటే.

"దీనికి యాడ విరిగింది మామా?" అన్నాడు.

నల్ల రబ్బరు పట్టీలు బొమ్మ ముఖాన్ని తడుముతూ లోపలికి లాక్కున్నాయి. బొమ్మ అటువైపు వస్తుందని ముందే చెప్పి ఉండాల్సింది. లోపలేస్తారనే చెప్పాం కానీ, బయటికి వదుల్తారని ఎవరమూ చెప్పలేదు.

తర్వాత వాడి వంతు. డిటెక్టరు కుయ్యిమంది. జవాను చేతి యంత్రం నడుము దగ్గరికి రాగానే అదీ కూసింది. చొక్కా ఎత్తితే వెండి మొలతాడు, దానికి రాగి తాయెత్తు. దడుపు పోవాలని దర్గాలో కట్టించిన తాయెత్తు!

"తీయొద్దు నాయనా, దిష్టి తగుల్తుంది," అని అవ్వ అవతలి వరుసలోంచి కేకేసింది. జవాను ఏ రాష్ట్రంవాడో, ఒక్క ముక్కా అర్థమైనట్టు లేదు. తాయెత్తును చూసి నవ్వి, వాడికి టాటా చెప్పి పంపించాడు.

ఆ నవ్వే మా కొంప ముంచింది. ఇంటికొచ్చాక "పోలీసును పిలవాలా?" అంటే, "పిలువు మామా" అంటున్నాడు. బూచోడు మూడో ఏటే రిటైరయ్యాడు. ఇన్‌కంటాక్స్ వాళ్లను పిలుద్దామంటే వీడికింకా పాన్ కార్డు లేదు.