డ్రాపర్‌లో పోస్తేనే తీర్థం

మా తోడల్లుడు పూటపూటా డ్రాపర్ పైకెత్తి, కళ్లు మూసుకుని, నాలుక మీద నాలుగు చుక్కల పూలమందు వేసుకుంటాడు. టెన్షన్ తగ్గడానికట. గుళ్లో తీర్థం కూడా ఇంత భక్తిగా పుచ్చుకోగా నేను చూడలేదు. శంఖంలో పోస్తేనే తీర్థమని ఊరికే అన్నారా!

ఈ పూలవైద్యం పుట్టింది ఇంగ్లండులో. ఎడ్వర్డ్ బాచ్ (1886-1936) లండన్‌లో చదువుకున్న డాక్టరు, బాక్టీరియాలజిస్టు. 1930లో అక్కడి ప్రాక్టీసు మూసేసి పువ్వుల కోసం పల్లెబాట పట్టాడు. రేకుల మీది మంచుబిందువుల్లో మందుందని కనిపెట్టాడు. ఎలాగని అడగడం మర్యాద కాదు. ఎంత పోగుచేసినా మంచు సరిపోదు కదా, అందుకని గాజుగిన్నెలో ఊటనీళ్లు పోసి, పైన పువ్వులు వేసి, మూడు గంటలు ఎండలో పెట్టాడు. తర్వాత పువ్వులు తీసేసి, ఆ నీళ్లకు సమానంగా బ్రాందీ కలిపాడు. అందులోంచి రెండే చుక్కలు 30 మిల్లీలీటర్ల సీసాలోకి. మా అమ్మ ఎండబెడితే వడియాలే వచ్చేవి. ఆయన ఎండబెడితే శాస్త్రం వచ్చింది.

మొత్తం 38 మందులు. ఫలానాదంటే భయమైతే మిమ్యులస్, దేనికో తెలియని భయమైతే ఆస్పెన్. కాబట్టి రోగి ముందు విచారించుకుని, ఆ తర్వాత భయపడాలి. పని మొదలెట్టకముందే నీరసమొస్తే హార్న్‌బీమ్. అసహనానికి ఇంపేషెన్స్. ఆ పేరుకు అర్థమే అసహనం, అంటే వైద్యంలో సగం డిక్షనరీయే చేసిపెట్టింది. ఆ మొక్క మన హిమాలయాలది. తోటల్లో అందంగా ఉంటుందని 19వ శతాబ్దంలో ఇంగ్లండు పట్టుకెళ్తే, ఏటిగట్లన్నీ ఆక్రమించి ఇప్పుడక్కడ కలుపుమొక్కయి కూర్చుంది. పీకలేక చస్తున్నవాళ్లకు అసహనం వస్తే మందు మాత్రం చేతికందేంత దూరంలోనే ఉంది. ఇక రాక్ వాటర్ ఉంది. పూలమందే, కాకపోతే అందులో పువ్వు ఉండదు, ఊటనీళ్లే. 38లోనూ నిజాయితీ గల మందు అదొక్కటే అని నా అభిప్రాయం.

ఇదంతా ‘హోలిస్టిక్’ అంటాడు మా తోడల్లుడు. హోలిజం అనే మాటను 1926లో పుట్టించింది దక్షిణాఫ్రికా నాయకుడు జాన్ స్మట్స్. దేన్నైనా ముక్కలుగా కాక మొత్తంగా చూడాలన్నాడు. తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ మాత్రం వేరువేరుగా చూడాలన్నాడు. గాంధీ ఆయన ప్రభుత్వం వేసిన జైల్లో చెప్పులు కుట్టి, ఆయనకే కానుకిచ్చాడు. అంత సహనం ఏ సీసాలోంచి వచ్చిందో!

జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2010 నాటి సమీక్ష ఒకటి, ఈ చుక్కలకూ ఉత్తుత్తి చుక్కలకూ తేడా లేదని తేల్చింది. ఆ సంగతే మా తోడల్లుడికి చెప్పాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తాపీగా నాలుగు చుక్కలు వేసుకుని, “చూశారా అన్నయ్యా, పనిచేస్తోంది” అన్నాడు.