పాతబస్తీని కూల్చి కొత్తగా కట్టాలనే ఆ మెసేజ్‌కి నా జవాబు

పది రోజులుగా మా ఇంటి వాట్సాప్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, చివరికి కాలనీ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. హైదరాబాద్ పాతబస్తీ గురించి. అందులో ఉన్నదంతా క్లుప్తంగా చెప్తాను. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా లాంటి నాలుగైదు ఉంచి మిగతా పాత ఇళ్లు, గల్లీలు నేలమట్టం చేయాలట, వెడల్పు రోడ్లేసి టవర్లు కట్టాలట. పాత ఇళ్లు మనుషుల ప్రాణాలు తీస్తున్నాయట, ఆ గోడలు ఎప్పుడైనా కూలేవేనట, టవర్లయితే ఎక్కువమందికి ఇళ్లు దొరుకుతాయట. హెరిటేజ్ అని అరిచేవాళ్లు ఒక్కరూ అక్కడ బతకరు, పైగా వాళ్ల వల్లే మెట్రో రాలేదట. సింగపూర్ అలా కూల్చి కట్టే బాగుపడిందట. ఇల్లు ఎవరిదైతే వాళ్ల ఇష్టం, మధ్యలో మీరెవరు అని చివర్లో ఒక ప్రశ్న.

పంపినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లున్నారు, మా బాబాయి కూడా పంపాడు. అందుకే ఊరికే స్క్రోల్ చేసి వదిలేయలేక కూర్చుని రాస్తున్నాను. నేను పాతబస్తీలోని గౌలిపురాలో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక ఉప్పల్ వైపు వచ్చాను కానీ అమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటుంది, కాబట్టి "అక్కడ బతకరు" అనే మాట నాకు వర్తించదు.

ముందు ప్రాణాల సంగతి, ఎందుకంటే అందరినీ కదిలించింది అదే. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆ పొద్దున వార్త చూసి అమ్మకి ఫోన్ చేస్తే మాట రాలేదు నాకు. మెసేజ్ రాసినాయన ఆ ఫొటో పెట్టి "పాత ఇల్లు అంటే ఇదీ" అన్నాడు. కానీ అప్పుడు అధికారులు చెప్పింది ఏమిటి? మంటలు షార్ట్ సర్క్యూట్‌తో మొదలయ్యాయి. కింద దుకాణాలు, పైన ఇల్లు, బయటికి రావడానికి సొరంగం లాంటి ఒకే ఒక్క దారి, మీటరు వెడల్పు మెట్లు. అంటే కరెంటు సంగతీ, రెండో దారి లేకపోవడమూ. ఇవి పాతబస్తీకే ఉన్న జబ్బులా? 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ పెట్టుకున్న హోటల్లో 8 మంది పోయారు. 2023 మార్చిలో అక్కడే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ పాతికేళ్లలోపు పిల్లలే. అదే ఏడాది నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్‌లో, కింద కెమికల్ డ్రమ్ములు పెట్టి ఉంటే, పైన ఉన్న 9 మంది. ఈ మూడూ పిల్లర్లు లేపి స్లాబులేసి కట్టినవే. మరి వాటిని చూసి సికింద్రాబాద్ మొత్తం కూల్చాలని ఎవరూ అనలేదు కదా.

పాత ఇంట్లో ఉండేవాళ్లకి ఇప్పుడు కావలసింది కొత్త వైరింగు, వాడే లోడుకి తగ్గ మీటరు, మేడ మీద నుంచి పక్కింటి మేడకి దాటే దారి, అవసరమైన చోట రెండో మెట్లు. అసలు పాత ఇళ్లలో మధ్యలో వాకిలి ఉండేదే గాలి వెలుతురు కోసం. ఆ వాకిలి మీద రేకులేసి గోదాం చేసింది, ఏసీ పెట్టి కిటికీలు మూసింది మనమే, ఈ ముప్పై నలభై ఏళ్లలో. దాన్ని సరిచేయడానికి అయ్యే ఖర్చుకి ప్రభుత్వం సగం సాయం చేసినా చాలా ఇళ్లు రేపటికల్లా భద్రంగా ఉంటాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పదిహేడు ప్రాణాలు పోయిన సంఘటనని పట్టుకుని కూల్చడానికి కారణం వెతికారు తప్ప, మిగిలిన ఇళ్లలో మెట్లు కొలవండి అని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

"ఆ గోడలు ఎప్పుడైనా కూలేవే" అన్నది రెండో మాట. ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్తాను. మా వెనక గోడ రాయి, డంగుసున్నంతో కట్టింది, మా ముత్తాత నాటిది. తొంభైల్లో ఒక వానాకాలం చెమ్మ వచ్చిందని నాన్న ఒక మేస్త్రీని పిలిచారు, ఆయన పాత సున్నం గీకేసి అర అంగుళం సిమెంటు పూత పూసి, ఇంకో యాభై ఏళ్లు చూసుకోనక్కర్లేదన్నాడు. ఐదేళ్లు కూడా తిరగకుండానే పూత వెనక గోడ మెత్తబడింది. వేలితో గీకితే తెల్లటి ఉప్పు పొడి రాలేది, సిమెంటు మాత్రం పెంకులా గట్టిగా ఉండి, తడితే డొల్ల చప్పుడు చేసేది. రాతి గోడలోకి కింద నుంచి ఎక్కే చెమ్మ సున్నం గుండా బయటికి పోతుంది, సిమెంటు పూస్తే లోపలే ఉండిపోయి పట్టు తినేస్తుంది. ఈ సంగతి పాత మేస్త్రీలందరికీ తెలుసు. సున్నం, ఇసుక రాతి చక్రం కింద రోజుల తరబడి నూరి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూసేవాళ్లు. 1591 నాటి చార్మినార్‌కి కూడా అదే మందు. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు ముక్క ఊడి పడ్డప్పుడు దాన్ని బాగుచేసింది సున్నంతోనే. కాబట్టి "పాత గోడ కూలుతుంది" అన్నప్పుడు దాని మీద సిమెంటు ఎవరు పూశారో, పైన ఎన్ని ట్యాంకులు పెట్టారో, పక్కన సెల్లార్ కోసం పునాది కింద దాకా ఎవరు తవ్వారో ముందు అడగాలి.

ఇక "చార్మినార్ ఉంటే చాలు, మిగతాది చెత్త" అన్న మాట. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారు అందరికీ తెలుసు, పెళ్లి బట్టలకో ముత్యాలకో అత్తరుకో వెళ్లని ఇల్లు తక్కువ. ఆ వరస మొగలాయీల నాటిదో కుతుబ్‌షాహీల నాటిదో అనుకుంటారు చాలామంది. కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చి ఊరు సగం కొట్టుకుపోయాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తెరిచి, రోడ్డు వెడల్పు చేసి, రెండు వైపులా ఒకే ఎత్తు, ఒకే రాయి, ఒకే తీరు కమాన్లతో దుకాణాలు కట్టింది ఆ బోర్డే. కింద దుకాణం, పైన ఇల్లు, ముందు నీడలో నడవడానికి వరండా. అంటే పత్తర్‌గట్టి ఆ రోజుల్లో "డెవలప్‌మెంట్"! ఇప్పుడు మెసేజ్‌లో అడుగుతున్న రోడ్డు వెడల్పే అప్పుడూ జరిగింది. తేడా ఎక్కడుందంటే, కూల్చిన చోట ఏం లేవాలో అప్పుడు గీత గీసి పెట్టారు. ఎండలో నడిచేవాడికి నీడ ఉండాలనుకున్నారు, దుకాణదారు అక్కడే బతకాలనుకున్నారు. వందేళ్ల తర్వాత మనం ఆ కమాన్ల మీద ఫ్లెక్సీలు కొట్టి, గ్రానైటు స్తంభాలకి మేకులు దిగ్గొట్టి, ఇప్పుడేమో అందం లేదంటున్నాం.

అలాగే చార్మినార్ పక్కన లాడ్ బజార్. లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకు అనే ముద్ర) వచ్చిందని అందరం షేర్ చేసుకున్నాం కదా, ఆ గాజు ఎక్కడ తయారవుతుందో చూశారా ఎప్పుడైనా? మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూమ్‌లో కాదు. వెనక గల్లీలో ఆరడుగుల గది, బొగ్గుల కుంపటి, కాడకి అంటించిన లక్క ముద్ద. దాన్ని వేడి మీద సాగదీసి, తీగలా చేసి, గుండ్రంగా చుట్టి, అది మెత్తగా ఉన్న కొద్ది క్షణాల్లోనే రాళ్లు ఒక్కొక్కటీ పొదుగుతారు. చల్లారితే మళ్లీ కుంపటి మీదికే. రాళ్లు అంటించే పనికి డబ్బాలు ఇళ్లకి పోతాయి, ఆడవాళ్లు వంటయ్యాక కూర్చుని చేసి సాయంత్రానికి తిరిగి పంపుతారు. దుకాణానికి, కుంపటికి, ఇంటికి మధ్య ఐదు నిమిషాల నడక. ఈ ముగ్గురినీ మూడు చోట్లకి విడగొట్టి, దుకాణదారుకి కాంప్లెక్స్‌లో మూడో అంతస్తులో షాపు, పనివాడికి ఊరి చివర డబుల్ బెడ్రూమ్ ఇస్తే గాజు ఆగిపోతుంది. టవర్ లిఫ్టులో బొగ్గుల కుంపటి ఎక్కనివ్వరు. చార్మినార్ మాత్రం ఉంటుంది, ఫొటోలకి.

మా గౌలిపురా వైపు కూడా అంతే. లాల్‌దర్వాజా బోనాలప్పుడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి నుంచి ఘటం ఏనుగు మీద బయల్దేరి, చార్మినార్ ముందు నుంచి నయాపూల్ దాకా పోతుంది. మొహర్రంకి బీబీ కా ఆలం అనే పవిత్ర చిహ్నం కూడా ఏనుగు మీదే, దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్‌కి. చిన్నప్పుడు ఈ రెండూ మేడ మీద నుంచి, పిట్టగోడకి గడ్డం ఆనించి చూశాను. ఆ మేడలు ఊరేగింపుని చూడగలిగే ఎత్తులో ఉన్నాయి, కింద ఉన్నవాళ్లు పైకి చూసి "అమ్మా, నీళ్లు" అంటే చెంబు దించగలిగే ఎత్తు. పదో అంతస్తు నుంచి ఇది కుదరదు.

టవర్లు కడితే ఎక్కువమందికి ఇళ్లు దొరుకుతాయనేది కూడా వినడానికి బాగుంటుంది. కానీ హైదరాబాద్‌లో 2006 నుంచి బిల్డింగులకి ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితే లేదు, అందుకే కోకాపేటలో యాభై అంతస్తులు దాటుతున్నారు. ఎత్తుగా కట్టుకోవడానికి పడమటంతా తెరిచి ఉండగా, నూట ఇరవై గజాల ఇళ్లు పక్కపక్కన గోడలు కలుపుకుని ఉన్న బస్తీలో వచ్చి పడటం దేనికి? మా గల్లీలో ఒకరు నూట ఇరవై గజాల్లో ఒక్క అడుగు వదలకుండా ఐదంతస్తులు లేపారు. ఇప్పుడు అమ్మ వంటింట్లో పట్టపగలు లైటు వేసుకోవాలి.

మెట్రో సంగతి త్వరగా చెప్తాను. హెరిటేజ్ వాళ్లే ఆపారన్నది అన్యాయం. సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు (జేబీఎస్) నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ బస్టాండు దగ్గర ఆగిపోయింది. పాతబస్తీ మనుషులు ఏళ్ల తరబడి మాకెప్పుడు అని అడుగుతూనే ఉన్నారు, మా అమ్మతో సహా. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లకి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది, తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు చేశారు. భూమి పోయేవాళ్లకి గజానికి 81 వేలు అన్నారు. రావాలి, తప్పకుండా రావాలి. నేను అడిగేవి రెండే. రోడ్డు కోసం ముందు సగం కోసేసిన భవనాలకి కొత్త ముఖం ఎలా ఉండాలో పత్తర్‌గట్టికి గీసినట్టు ఒక గీత గీయండి, లేకపోతే దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా అద్దాలు, అల్యూమినియం షీట్లే మిగులుతాయి. రెండోది, ఆ 81 వేలు యజమానికి వెళ్తాయి సరే, పగిడి (ముందే ఇచ్చే పెద్ద మొత్తం) కట్టి మూడు తరాలుగా మడిగెలో కూర్చున్న కిరాయిదారుకి ఎక్కడ చోటు? 2013 భూసేకరణ చట్టం బతుకుతెరువు పోయేవాళ్లని కూడా బాధితులుగానే చూస్తుంది, దాన్ని కాగితం మీద వదిలేయకండి.

సింగపూర్ పోలిక పెట్టినాయనకి ఒక్క మాట. సింగపూర్ అరవైలు డెబ్బైల్లో చాలా కూల్చింది నిజమే. తర్వాత ఆపి, 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపాంగ్ గ్లామ్‌లని సంరక్షణ ప్రాంతాలుగా ప్రకటించింది. ఇవాళ అక్కడ కూల్చకూడని భవనాలు 7 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కింద దుకాణం, పైన ఇల్లు ఉన్న పాత కట్టడాలే, అచ్చం మన పత్తర్‌గట్టిలాగే. మనవాళ్లు ముస్తఫా సెంటర్‌కి వెళ్లినప్పుడు నడుస్తూ ఫొటోలు తీసుకునే రంగురంగుల వీధులు అవే.

చివరిది, ఇంటివాళ్ల ఇష్టం. దీన్ని తేలిగ్గా తీసుకోను. పాత ఇల్లున్నవాడికి కష్టాలుంటాయి. నలుగురు అన్నదమ్ముల వాటాలు, రిపేరుకి బ్యాంకు లోను ఇవ్వదు, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. బిల్డర్ వచ్చి రెండు ఫ్లాట్లిస్తానంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, మాకూ పుట్టింది, అబద్ధం చెప్పను. కానీ ఆ ఇంటాయనకి ఉన్న దారి అదొక్కటేనని చెప్పడం తప్పు. 2012 బిల్డింగ్ రూల్స్‌లోనే హెరిటేజ్ భవనాన్ని నిలుపుకున్నవాళ్లకి టీడీఆర్, అంటే వేరేచోటికి మార్చుకోగల నిర్మాణ హక్కు, ఇచ్చే ఏర్పాటు ఉంది, దాన్ని వేరేచోట కట్టుకునేవాళ్లకి అమ్ముకోవచ్చు. అయితే టీడీఆర్ రావాలంటే ఇల్లు హెరిటేజ్ జాబితాలో ఉండాలి. పాత కట్టడాల రక్షణకి 1995లో తెచ్చిన రెగ్యులేషన్ 13 అనే నిబంధనని, దాని కింద ఉన్న జాబితాని 2015 డిసెంబర్‌లో తీసేశారు, 2017లో కొత్త హెరిటేజ్ చట్టం వచ్చింది. అడగాల్సింది ఇదీ, బాబాయ్. మా బస్తీ ఇళ్లు ఒక్కొక్కటీ చూసి జాబితా రాయండి, జాబితాలో ఉన్నవాళ్లకి టీడీఆర్ చేతికి అందేలా చూడండి, రిపేరుకి లోను ఇప్పించండి. ఇవన్నీ ఇచ్చాక కూడా ఎవరైనా అమ్ముకుంటానంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఏమీ ఇవ్వకుండా "వాళ్లే అమ్ముకుంటున్నారు" అంటే ఎలా?

మేము బిల్డర్‌కి కుదరదని చెప్పేశాం. అన్నయ్య శాలిబండ వైపు సున్నం పని తెలిసిన ఒక పెద్దాయనని పట్టుకొచ్చాడు, డెబ్బై ఏళ్లుంటాయి, మనవడు బకెట్లు మోస్తాడు. పోయిన సోమవారం నుంచి వెనక గోడ మీద సిమెంటు గీకుతున్నారు. ఎండలు ముదిరేలోపు గోడ ఆరాలి, అప్పుడుగానీ సున్నం వేయనన్నాడు ఆయన.