చైనా ‘నీ’, కొరియా ‘నీ’, మన ‘నీ’: పోలిక ఉంది, చుట్టరికం లేదు

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి చేతులు మారుతున్న ఒక సందేశం ఉంది. దాని సారం ఇది: “చైనావాళ్లు ‘నీ’ అంటే నువ్వు. కొరియావాళ్లు ‘నీ’ అన్నా నువ్వే. మనమూ ‘నీ’ అంటాం. కొరియాలో ‘నా’ అంటే నేను, అమ్మను అమ్మా అంటారు, నాన్నను అప్పా అంటారు. రెండు వేల ఏళ్ల కిందట మన యువరాణి అక్కడికి వెళ్లి రాణి అయింది. కాబట్టి ఆ భాషలన్నీ మన భాషలోంచే పుట్టాయి.” ‘మన భాష’ అన్నచోట కొన్ని ప్రతుల్లో తెలుగు ఉంటుంది, కొన్నిటిలో తమిళం ఉంటుంది. మిగతాదంతా ఒక్కటే.

ఇందులో విడివిడిగా చూస్తే నిజాలు చాలానే ఉన్నాయి. మాండరిన్ చైనీస్‌లో ‘నీ’ అంటే నువ్వు అన్నది నిజం. నేటి కొరియన్ మాటల్లో ‘నీ’ వినబడుతుందన్నదీ నిజం. తప్పంతా ‘కాబట్టి’ దగ్గర మొదలవుతుంది. ఒక్కో వాదనా విడిగా తీసుకుందాం.

“చైనీస్ ‘నీ’, మన ‘నీ’ ఒకే మాట”

ముందు మన మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగులో ‘నీ’ అంటే ‘నువ్వు’ కాదు, ‘నీయొక్క’. కర్తగా వచ్చేది నీవు, నువ్వు. పాత తెలుగులో ‘ఈవు’ అన్న రూపం కూడా ఉంది. తమిళ, మలయాళాల్లో ‘నీ’ కర్తగానే వస్తుంది, కన్నడంలో నీను, వీటి చుట్టాలైన గిరిజన భాషలు కొలామీలో నీవ్, కుడుఖ్‌లో నీన్. ఈ ద్రావిడ భాషలన్నిటినీ పోల్చి భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తలు పునర్నిర్మించిన మూలరూపం ‘నీన్’. విభక్తి చేరేటప్పుడు అది పొట్టిదై ‘నిన్’ అవుతుంది. ఆ ‘నిన్’ ఎక్కడో పాత తాటాకుల్లో లేదు. మనం రోజూ అనే ‘నిన్ను’లో ఉంది. అంటే మన ‘నీ’ చివర ఒకప్పుడు నకారం ఉండేది, నడుమ అచ్చు మాత్రం మొదటినుంచీ ‘ఈ’నే.

ఇక చైనీస్. మాండరిన్‌లో స్వరం మారితే మాటే మారిపోతుంది. ఎత్తుగా, సమంగా ‘నీ’ అంటే అమ్మాయి. గొంతు పైకి లేపుతూ అంటే బురద. దించుతూ అంటే ఎదురు, విరుద్ధం. కిందికి దించి మళ్లీ కొద్దిగా లేపితేనే నువ్వు. మన పద్ధతిలో సాఫీగా పలికే ‘నీ’ వాళ్ల చెవికి ‘నువ్వు’ కన్నా ‘అమ్మాయి’కే దగ్గర.

అంతకన్నా ముఖ్యమైనది ఆ మాట చరిత్ర. ప్రాచీన చైనీస్ గ్రంథాల్లో ‘నువ్వు’ అనడానికి వాడిన మాటల్లో రెండు ప్రధానం. నేటి చదువులో ఒకటి ‘అర్’, రెండోది ‘రూ’. రెండూ ఒకప్పుడు నకారంతో మొదలైనవే. 601లో కూర్చిన ప్రాసల నిఘంటువు ‘ఛియెయున్’ సంప్రదాయంలోనూ, జపనీయులు అరువు తెచ్చుకున్న పాత ఉచ్చారణలోనూ దీనికి సాక్ష్యం ఉంది. ‘అర్’ అక్షరాన్ని జపాన్‌లో పాత పద్ధతిలో ‘ని’ అనే చదువుతారు. గ్రంథాల చదువులో ఆ నకారం మారిపోయింది, జనం నోట మాత్రం నిలిచిపోయింది. ఆ నోటిమాటను రాయడానికి పాత అక్షరం పొట్టి రూపానికి ‘మనిషి’ గుర్తు చేర్చి కొత్త అక్షరం వాడుకలోకి తెచ్చారు. అదే నేటి ‘నీ’. దాని ప్రాచీన రూపాన్ని పునర్నిర్మించినవాళ్లు నడుమ ‘ఈ’ని పెట్టరు. ‘అ’కు దగ్గరగా ఉండే ఒక నడిమి అచ్చును, చివర రకారం వంటి హల్లును పెడతారు. రెండో మాట ‘రూ’ ప్రాచీన రూపం ‘న’. దాని చుట్టాలు మన దేశంలోనే ఉన్నాయి: మణిపురిలో నువ్వు ‘నంగ్’, మిజోలో ‘నాంగ్’. చైనీస్ బంధువర్గం ఈశాన్య భారతం నుంచి బర్మా, టిబెట్ మీదుగా పోతుంది.

గమనించాల్సింది ఇదీ. నిజమైన చుట్టాలైన మాటలు వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. కన్నడ ‘హాలు’, మన ‘పాలు’ ఈరోజు వేరుగా వినబడతాయి, కానీ పాత కన్నడ శాసనాల్లో అదీ ‘పాల్’ అనే ఉంటుంది. చైనీస్ ‘నీ’, ద్రావిడ ‘నీన్’ విషయంలో జరిగేది దీనికి తలకిందులు. ఈరోజు ఒకేలా ఉన్నాయి, వెనక్కి వెళ్లేకొద్దీ దూరమవుతాయి.

ఈ సందేశం రాసినవాళ్లకు తెలియని ఇంకా గట్టి పోలికను మేమే చెబుతాం. మాండరిన్‌లో గౌరవంగా ‘మీరు’ అనాలంటే ‘నిన్’ అంటారు. సుమారు వెయ్యేళ్ల కిందటి నుంచి యువాన్ రాజవంశ కాలం (13–14 శతాబ్దాలు) దాకా అది ‘నిమ్’గా పలికే బహువచనం, ‘మీరందరూ’ అని అర్థం. ద్రావిడంలో ‘మీరు’కు మూలరూపం ‘నీమ్’, ‘నిమ్’. కన్నడ ‘నిమ్మ’ అంటే మీ. ఎంత అచ్చంగా ఉందో! కానీ ఆ చైనీస్ ‘నిమ్’ పుట్టిన తీరు పత్రాల్లోనే కనబడుతుంది: ‘నీ’ పక్కన బహువచనం గుర్తు ‘మెన్’ చేరి, రెండూ కలిసి కుంచించుకుపోయి ‘నిమ్’ అయింది. ద్రావిడ ‘నీమ్’ అప్పటికి వేల ఏళ్ల పాతది. రెండూ ఒకచోట పుట్టే అవకాశమే లేదు.

“కొరియన్ ‘నీ’, ‘నా’ మనవే”

కొరియన్‌లో ‘నువ్వు’ అసలు రూపం ‘నొ’. 1446లో హంగుల్ లిపిని ప్రకటించినప్పటి నుంచి ఆ భాష అక్షరబద్ధంగా ఉంది కాబట్టి ఇందులో ఊహకు చోటు తక్కువ. ‘నొ’కు ఇకారం చేరి ‘నె’ వచ్చింది. దానికి ‘నీ’ అనీ, వాక్యంలో కర్తగా ‘నువ్వు’ అనీ అర్థం. ‘నా’కు అదే పద్ధతిలో ‘నై’, తర్వాత ‘న్యా’కు దగ్గరి ఉచ్చారణ వచ్చాయి. ఇటీవలి తరాల్లో సియోల్ ప్రాంతపు ఉచ్చారణలో ఆ రెండు అచ్చుల మధ్య తేడా దాదాపు పోయింది. దాంతో ‘నాది’, ‘నీది’ ఒకేలా వినబడే ఇబ్బంది వచ్చింది. మాట్లాడుకునేవాళ్లు దానికి చేసుకున్న ఉపాయం: ‘నీ’ అర్థంలో ‘నె’ను ‘ని’గా పలకడం. రాతలో ప్రమాణరూపం ఇప్పటికీ ‘నె’యే. సందేశంలో వేల ఏళ్ల సాక్ష్యంగా చూపుతున్న కొరియన్ ‘నీ’ నిన్న మొన్నటి సర్దుబాటు.

‘నా’ సంగతి ఇంకా ఆసక్తికరం. కొరియన్ ‘నా’ అంటే నేను, తెలుగు ‘నా’ అంటే నాయొక్క. అర్థాలు ఇటుదటు అయ్యాయన్నది చిన్న అభ్యంతరం. పెద్ద అభ్యంతరం మన వైపే ఉంది. ‘నేను’లోని మొదటి నకారం మనకు మొదటినుంచీ లేదు. 11వ శతాబ్దపు నన్నయ భాషలో ‘ఏను’ అని కనబడుతుంది, బహువచనం ‘ఏము’. పాత తమిళంలో ‘యాన్’, పాత కన్నడంలో ‘ఆన్’. ‘నీవు’లో ఉన్న నకారానికి జతగా, ‘నా, నన్ను’ ప్రభావంతో ‘ఏను’ కాస్తా ‘నేను’ అయింది. మనకే తర్వాత వచ్చి స్థిరపడ్డ ధ్వనిని రెండు వేల ఏళ్ల కిందట కొరియాకు ఎలా పంపగలం?

కొరియన్, ద్రావిడ భాషలను పోల్చే ప్రయత్నం కొత్తది కాదు. అమెరికన్ మిషనరీ హోమర్ హల్బర్ట్ 1905లో ఆ పోలిక మీద ఒక వ్యాకరణమే ప్రచురించాడు. నిజాయితీగా చేసిన పనే. కర్త, కర్మ, క్రియ అనే వరస, ప్రత్యయాలు వెనక చేరడం వంటి పోలికలు అందులో చాలా ఉన్నాయి. అయితే ఆ వరస తుర్కీలో ఉంది, జపనీస్‌లో ఉంది, బాస్క్‌లో ఉంది. వాక్యనిర్మాణం పోలిక చుట్టరికాన్ని నిరూపించదు. నిరూపించాల్సిన ధ్వనిసూత్రాలు, అంటే ఒక భాషలోని ధ్వనికి రెండో భాషలో వరసగా ఏ ధ్వని వస్తుందో చెప్పే నియమాలు, ఇప్పటిదాకా ఎవరూ నిలబెట్టలేకపోయారు.

“ఇంత పోలిక యాదృచ్ఛికం ఎలా అవుతుంది?”

అవుతుంది. లెక్క వేసి చూడండి. సర్వనామాలు ఏ భాషలోనైనా పొట్టిగా ఉంటాయి, చాలాసార్లు ఒక హల్లు, ఒక అచ్చు. మామూలుగా దొరికే హల్లులు 15, అచ్చులు 5 అనుకుందాం. మొత్తం 75 అక్షరాలు. ప్రపంచంలో భాషలు సుమారు 7,000. ఏ భాషకు ఆ భాష గుడ్డిగా ఒక అక్షరాన్ని ఎంచుకున్నా, 7,000ని 75తో భాగిస్తే 93 భాషల్లో ‘నువ్వు’కు ‘ని’ పడుతుంది. ఇది మోటు లెక్కే. కానీ అసలు పరిస్థితి సందేశం రాసేవాళ్లకు ఇంకా అనుకూలం. నకారం దాదాపు ప్రతి భాషలోనూ ఉంది. పైగా వాళ్లు నె, నొ, నిన్ దేన్నైనా ఒప్పుకుంటారు, నువ్వు, నీ, నేను, నా ఏ అర్థమైనా ఒప్పుకుంటారు. వల అంత వెడల్పుగా వేస్తే చేప పడకపోవడమే వింత.

పడిన చేపలు చూడండి. అమెరికాలోని నవాహో భాషలో ‘ని’ అంటే నువ్వు. బాస్క్‌లో ‘ని’ అంటే నేను. స్వాహిలిలో క్రియకు ముందు ‘ని’ చేరితే నేను, విడిగా వస్తే ‘అయి ఉంది’ అని అర్థం. ఫిన్నిష్‌లో మాట చివర ‘ని’ చేరిస్తే నాది: ‘తాలో’ ఇల్లు, ‘తాలోని’ నా ఇల్లు. ఐరిష్‌లో ‘నీ’ అంటే కాదు. జపనీస్‌లో ‘ని’ మన ‘కు, లో’ వంటి విభక్తి, అదే ధ్వనితో చైనీస్ నుంచి తెచ్చుకున్న ‘రెండు’ కూడా ఉంది. సంస్కృతంలో ‘నీ’ ధాతువుకు తీసుకుపోవడం అని అర్థం, మన నీతి, నేత, నాయకుడు అక్కడివే.

వీటన్నిటిలోకీ స్వీడిష్ ఉదాహరణ దగ్గర కాస్త ఆగాలి. స్వీడిష్‌లో ‘నీ’ అంటే మీరు. ధ్వనిలో చైనీస్ కన్నా మనకు దగ్గర. అది ఎలా పుట్టిందో పూర్తిగా తెలుసు. పాత స్వీడిష్‌లో ‘మీరు’ను ‘ఈ’ అనేవాళ్లు. దానితో వచ్చే క్రియ చివర నకారం ఉండేది: ‘హావెన్ ఈ’ అంటే మీకు ఉందా. వేగంగా అనేటప్పుడు క్రియలోని నకారం ‘ఈ’ని పట్టుకుంది. విన్నవాళ్లు ‘హావె నీ’ అని విడగొట్టుకున్నారు. మాటల హద్దు ఒక్క ధ్వని జరగడంతో కొత్త సర్వనామం తయారైంది. ఈ చరిత్ర తెలియకపోతే స్వీడిష్ కూడా ఈపాటికి సందేశంలో చేరి ఉండేది.

కొరియన్‌లో ‘నె’ అంటే అవును కూడా. గ్రీకులోనూ ‘నె’ అంటే అవునే. పక్కనే ఉన్న బల్గేరియన్‌లో ‘నె’ అంటే కాదు. వీటిని పట్టుకుని గ్రీకులు కొరియా వెళ్లారని ఎవరూ అనరు.

“అమ్మా, అప్పా కూడానా?”

ఇవి అసలు సాక్ష్యానికే పనికిరావు. పసిపిల్లలు పెదవులు కలిపి తెరిస్తే ముందుగా వచ్చేవి మ, ప, బ. ఆ శబ్దాలను పెద్దవాళ్లు తమ పేర్లుగా తీసుకుంటారు. ఎవరికి ఏది అన్నది మాత్రం స్థిరం కాదు: జార్జియన్‌లో ‘మామా’ అంటే నాన్న, ‘దెదా’ అంటే అమ్మ. మన నిఘంటువుల్లోనే ‘అప్ప’కు తండ్రి, అక్క అని రెండర్థాలూ ఉన్నాయి.

“యువరాణి వెళ్లింది కదా?”

హో హ్వాంగ్ ఓక్ అనే రాణి క్రీ.శ. 48లో ‘అయుత’ దేశం నుంచి వచ్చిందన్న కథ ‘సంగుక్ యుసా’ అనే కొరియా గ్రంథంలో ఉంది. ఆ గ్రంథం కూర్చింది 13వ శతాబ్దంలో. కథ అక్షరాలా నిజమనుకున్నా, పెళ్లికూతురి వెంట వస్తువుల పేర్లు వెళ్తాయి గాని దేశమంతటి సర్వనామాలు మారవు. మాటలు నిజంగా ప్రయాణించినప్పుడు జాడ ఎలా ఉంటుందో చెప్పడానికి మన ఇళ్లలోనే చైనా మాట ఉంది. ‘చాయ్’ ఉత్తర చైనా ‘ఛా’ నుంచి పారసీకం మీదుగా వచ్చింది, ‘టీ’ ఫుజియన్ తీరపు ‘తె’ నుంచి డచ్చి ఓడల్లో యూరప్ చేరి ఇంగ్లీషు వెంట వచ్చింది. ‘తేనీరు’లో ఉన్నదీ ఆ ‘తే’యే, తేనె కాదు. సరుకుతోపాటు పేరు వచ్చింది, వచ్చిన దారి తెలుసు.

మరి చుట్టరికం ఎలా పట్టుకోవాలి?

పని పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక కావాలి. రెండు భాషల నుంచీ 100 మౌలికమైన మాటలు తీసుకోండి: శరీరభాగాలు, నీరు, నిప్పు, అంకెలు, తినడం, రావడం. ఇంటి పిలుపులు, ధ్వన్యనుకరణలు, అరువు మాటలు ముందే పక్కన పెట్టండి. ప్రతి మాటకూ దొరికినంత పాత రూపం రాయండి. అర్థం అదే ఉండాలి, సాగదీయకూడదు. తర్వాత ఒకేలా వినబడేవాటిని వెతక్కండి, పదే పదే తిరగబడే తేడాను వెతకండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

తెలుగు, కన్నడాల మధ్య చూడండి: పాలు–హాలు, పులి–హులి, పువ్వు–హూవు, పాము–హావు, పండు–హణ్ణు, పేను–హేను, పది–హత్తు. మన పకారం ఉన్నచోట కన్నడంలో హకారం, వరసగా. చెవి–కివి, చెరువు–కెరె, చెడు–కెడు: ‘ఇ, ఎ’ల ముందు మన చకారానికి వాళ్ల కకారం. తమిళంతో అయితే ఇరణ్డు–రెండు, ఉరల్–రోలు: మొదటి అచ్చు, తర్వాతి రకారం చోట్లు మార్చుకున్నాయి. ఒక్క సూత్రం పది మాటలను పట్టి ఇస్తుంది. ఇలాంటి సామ్యాల ఆధారంగానే ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లో మద్రాసులో దక్షిణ భారత భాషలది ప్రత్యేక కుటుంబమని చూపాడు.

చైనీస్‌తో అదే చేయండి. చైనీస్ నకారానికి మన నకారం సమానమన్నారు గదా. ‘న్యెన్’ అంటే సంవత్సరం, మనకు ఏడు. ‘న్యూ’ అంటే ఆడమనిషి, మనకు ఆలు. ఒకటి రెండు మూడు నాలుగుకు వాళ్లవి ఈ, అర్, సాన్, స్ఝ. కన్ను ‘యెన్’, చెయ్యి ‘షౌ’, నీరు ‘ష్వే’, నిప్పు ‘హ్వొ’. సూత్రం రెండో మాటకే ఆగిపోతుంది.

‘నీ’కి నిజమైన బంధువులు కావాలంటే ఆదిలాబాద్ కొలామీ ఊళ్లలో ‘నీవ్’ ఉంది, జార్ఖండ్ కుడుఖ్‌లో ‘నీన్’ ఉంది. అన్నిటికన్నా దూరంలో, పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవాళ్లు ‘నీ’ అనే అంటారు. వాళ్ల భాషలో కన్ను ‘ఖన్’, చెవి ‘ఖఫ్’: మూల ద్రావిడ కకారానికి ఖకారం, సూత్రబద్ధంగా. అంకెల్లో అసిట్, ఇరట్, ముసిట్ (ఒకటి, రెండు, మూడు) దాకా మనవే, నాలుగు నుంచి ఇరానీ మాటలు. చుట్టూ వేరే కుటుంబాల భాషలున్నా వాళ్ల ‘నీ’ మన ‘నిన్ను’తో కలుస్తుంది. సందేశంలో ఆ మూడు భాషల్లో ఒక్కదాని పేరూ లేదు.